భూమి కంపించదనుకున్న చోట

సంపాదకులకు నమస్కారం.

భూకంపం మా వైపు రాదన్న నమ్మకంతో పెరిగిన నాకు, మొన్న తెల్లవారుజామున మంచం కదిలి గిన్నెలు గలగలమన్నప్పుడు, ఏదో పెద్ద లారీ వెళ్తోందనే అనిపించింది. ఏం చేయాలో తెలియక ఇంటిల్లిపాదీ మెట్ల వైపు పరుగెత్తడమే నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. భూమి పైపొరలోని భారీ పలకలైన భూఫలకాల అంచులకు దూరంగా ఉన్నా, లోతైన పాత పగుళ్లలో ఏళ్ల తరబడి పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదల కావచ్చు. స్థిరమైనదనుకున్న దక్కన్ పీఠభూమిలోనే, 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారి వద్ద 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపం వేలమందిని బలిగొంది; మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రిస్తున్నవారిపై కూలాయి. కంపించేటప్పుడు పరుగెత్తకుండా గట్టి బల్ల కింద తలదాచుకోవడాన్ని బడుల్లో సాధన చేయించాలని, కొత్త భవనాల అనుమతుల్లో భూకంప నిబంధనలను కచ్చితంగా పరిశీలించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు