పశువు తూలుతుంటే ముందు మేత చూడండి

సంపాదకుడికి,

మా ఆవులో తేడా మొదట పాలు పితికే వేళ కనిపించింది. పక్కకు జరగమంటే వెనక కాళ్లు తడబడ్డాయి, తల సన్నగా వణికింది. నీరసమన్నారు, పిచ్చికుక్క కరిచిందేమో అన్నారు. కాల్షియం ఎక్కించారు. కాలువ గట్టున అది రోజూ ఏం తింటోందో మాత్రం వైద్యుడు అడగలేదు, నేనూ చూడలేదు. వారాలు గడిచాక చూస్తే, తూటి తింటోంది. మనం కూర వండుకునే తూటికూర కాదు, గట్ల మీద గుబురుగా పెరిగి లేత ఊదారంగు గరాటు పూలు పూసే పొద.

పచ్చిక ఉన్నంతకాలం పశువులు తూటి జోలికి పోవు. అంతా ఎండిపోయాక పచ్చగా మిగిలేది అదే. ఒకసారి రుచి మరిగితే వేరే మేత వేసినా దానికోసమే వెతుక్కుంటాయి. అందులోని విషం పేరు స్వైన్సోనిన్. ఆకులో కాపురముండే ఒక ఫంగస్ దాన్ని తయారు చేస్తుంది. కణాల్లో చక్కెర గొలుసులను విడగొట్టే ఎంజైమును ఈ విషం అడ్డుకుంటుంది. అరగని సరుకు నాడీకణాల్లో పేరుకుని అవి ఉబ్బిపోతాయి. నడకను అదుపులో పెట్టే చిన్నమెదడు బాగా దెబ్బతింటుంది. చూడి పశువులు ఈసుకుపోవచ్చు కూడా. ఇదేమీ కొత్త సంగతి కాదు. ఈ విషాన్ని ఆస్ట్రేలియాలో ఒక మొక్క నుంచి 1979లోనే వేరుచేశారు. అమెరికా బీళ్లలో పశువులను తూలించే లోకో మొక్కల్లోనూ ఇదే ఉంది.

దీనికి విరుగుడు మందు లేదు. తొలి రోజుల్లోనే ఆ మేత మాన్పిస్తే పశువు కోలుకుంటుంది. ఆలస్యమైతే చచ్చిన నాడీకణాలు తిరిగి రావు. మా ఆవు బతికింది, ఒళ్లు కూడా చేసింది. కానీ గట్టిగా అదిలిస్తే ఇప్పటికీ కూలబడుతుంది. దాన్ని చూసినప్పుడల్లా పోగొట్టుకున్న ఆ వారాలే గుర్తొస్తాయి.

పశువైద్య శాఖను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. తూలే పశువు వస్తే ఎక్కడ మేసిందో అడిగి, ఆ బీడుకు వెళ్లి చూడాలి. రేబిస్‌లోనూ వెనక కాళ్లు తడబడతాయి గనుక, అది కాదని తేలేదాకా నోట్లో చెయ్యి పెట్టవద్దని రైతుకు గట్టిగా చెప్పాలి. చనిపోయిన పశువు మెదడును పరీక్షకు పంపాలి. మైక్రోస్కోపు కింద కణాల్లో బుడగలు కనిపిస్తాయి, రేబిస్ పరీక్షా అక్కడే అయిపోతుంది.

గట్ల మీది తూటిని ఎండలు ముదరకముందే వేళ్లతో సహా పెకలించి తీయించాలి. నరికిన కాడలను తడి నేల మీద వదిలేస్తే మళ్లీ వేరూనుతాయి. ఎండినా విషం పోదు కాబట్టి వాటిని పశువులకు అందనిచోటికి చేర్చాలి. ఇక కంచెకు పనికొస్తుందని తూటి కొమ్మలు నాటుకునే వాళ్లు దయచేసి ఆ పని మానుకోండి.

— ఒక పాడి రైతు