అజీజ్‌నగర్‌లో ప్రాక్టీస్ చూశానురా

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావు? అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఈ సంగతి ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యమధ్యలో అడ్డం పడతావు, నన్ను పూర్తి చేయనివ్వవు. అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మొన్న మాట్లాడినప్పుడు, "హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయింది, ఇంక మన ఊళ్లో ఫుట్‌బాల్‌కి నూకలు చెల్లినట్టే" అన్నావు. నాకు మనసులో చాలా గుచ్చుకుంది. 2022 మార్చి 20న మీ రూంలో కూర్చుని ఆ టీమ్ ఆడిన ఐఎస్‌ఎల్ (దేశంలో అన్నిటికంటే పై ఫుట్‌బాల్ లీగ్) ఫైనల్ చూసిన వాళ్లం మనం. 88వ నిమిషంలో తవోరా గోల్ కొట్టినప్పుడు నువ్వు మంచం మీద నుంచి దూకావు. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాక ఇద్దరం అరిచిన అరుపులకి కింద ఇంటివాళ్లు పైకి వచ్చారు. అలాంటి టీమ్ మన ఊరి పేరుతో లేకుండా పోవడం నాకూ బాధే. కానీ నువ్వన్న రెండో మాట మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెబుతా.

మన ఊళ్లో ఇంకో ఫుట్‌బాల్ క్లబ్ ఉంది కదా, శ్రీనిధి దక్కన్. మా ఆఫీసులో ఒకాయన తమ్ముడు వాళ్ల అకాడమీ పిల్లల దగ్గర పనిచేస్తాడు. ఆయన అడిగి పెడితే సీనియర్ టీమ్ ప్రాక్టీస్ చూడ్డానికి ఒప్పుకున్నారు. తెల్లారకముందే బండి తీశాను. లంగర్‌హౌస్ మీదుగా పోలీస్ అకాడమీ దాటి చేవెళ్ల రోడ్డు ఎక్కితే అజీజ్‌నగర్. వాళ్ల గ్రౌండ్ డెక్కన్ అరీనా అక్కడే. నేను వెళ్లేసరికి కోన్‌లు పెట్టేసి ఉన్నాయి, బిబ్‌లు పంచుతున్నారు.

వార్మప్ అయ్యాక రోండో మొదలైంది. గుండ్రంగా నిలబడి బంతి పాస్ చేసుకుంటూ ఉంటారు, మధ్యలో ఇద్దరు దాన్ని లాక్కోవాలి. మొదట రెండు టచ్‌లు, తర్వాత ఒక్క టచ్. టీవీలో ఇలాంటివి రెండు సెకన్లు చూపించి వదిలేస్తారు. దగ్గర నుంచి చూస్తే ఆ వేగానికి మతిపోతుంది! బంతి వచ్చే లోపే ప్రతివాడూ భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూసుకుంటాడు. ఎవరికివ్వాలో అప్పుడే తేలిపోతుంది. కాలికి బంతి తగిలే వేళకి ఆలోచన అయిపోయి ఉంటుంది. మనం గల్లీలో బంతి దొరికాక తల ఎత్తేవాళ్లం కదా, తేడా అంతా అక్కడే ఉందిరా.

తర్వాత డిఫెన్స్ వాళ్లని వేరే తీసుకెళ్లారు. కోచ్ బంతి పట్టుకుని ఒక అడుగు ముందుకేస్తే నలుగురూ వెనక్కి, ఆయన వెనక్కి తిరిగితే నలుగురూ ముందుకి, నడుముకి ఒకే తాడు కట్టినట్టు కదులుతున్నారు. ఒకడు అరడుగు వెనకబడినా విజిల్ వేసి మళ్లీ మొదటి నుంచి. ఇలా ఒక్కసారిగా ముందుకి జరిగి ఎదుటివాణ్ణి ఆఫ్‌సైడ్‌లో పడేసే ఆఫ్‌సైడ్ ట్రాప్ గురించి మనం ఎన్ని కబుర్లు చెప్పుకోలేదు! మ్యాచ్‌లో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఈ నలుగురి కష్టం మన కంట పడదు.

గోల్‌కీపర్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. వాళ్లలో ఒక కుర్రాడు గ్లవ్స్ వేసుకుని, వాటి మీద బాటిల్ నీళ్లు పోసి, రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకున్నాడు. తడిగా ఉంటే పట్టు బాగా దొరుకుతుందట. కోచ్ సరిగ్గా అతని ముందు నేలకి తగిలి లేచేలా కొడుతున్నాడు. అతను ఎడమకి పడి లేవకముందే కుడివైపు ఇంకో బంతి. మోచేతుల నిండా గడ్డి, మట్టి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కట్టిమణి ఆ రాత్రి ఆపిన మూడింటి వెనక ఇలాంటి పొద్దులు ఎన్ని ఉండి ఉంటాయో అనిపించి నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

అన్నిటికంటే నన్ను కదిలించింది చివర్లో వచ్చింది. మైదానం అంచుల వెంట ఆడే వింగర్లందరినీ తమకి అలవాటు లేని కాలితోనే గోల్ ముందుకి క్రాస్‌లు వేయమన్నారు. నాకు వెంటనే రహీం సాబ్ గుర్తొచ్చారు. ఈ ఊళ్లో పాఠాలు చెప్పిన మాస్టారు, హైదరాబాద్ సిటీ పోలీస్ కోచ్. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు అని ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారట. ఆ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా మన దేశం 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చింది, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ మెల్‌బోర్న్ టీమ్‌లో ఉన్నాడు, తర్వాత 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఇదంతా మన ఊరి ఆస్తిరా! ఒక క్లబ్ ఊరు మారితే ఇది కూడా మూటగట్టుకుని పోతుందా?

శ్రీనిధి వాళ్లనే తీసుకో. 2021-22లో ఐఎస్‌ఎల్ కింది మెట్టు లాంటి ఐ-లీగ్‌లోకి వచ్చారు, వచ్చిన ఏడాదే మూడో స్థానం. ఆ తర్వాత వరుసగా రెండేళ్లు రెండో స్థానం. ఐఎస్‌ఎల్ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. ఆ రెండు సీజన్లలో వాళ్ల గురించి మనం ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం చెప్పు?

ప్రాక్టీస్ అయ్యాక ఒక డిఫెండర్ మంచినీళ్లు తాగుతూ నా దగ్గరికొచ్చి హిందీలో అడిగాడు, ప్రాక్టీస్ చూడ్డానికే వచ్చారా అని. అవునంటే నమ్మలేదు. నిజంగా ఇందుకేనా అని మళ్లీ అడిగి, నవ్వి, చెయ్యి కలిపాడు. ఈ ఊరి జెర్సీ వేసుకునే మనిషికి ఒక అభిమాని రావడం అంత వింత కాకూడదురా. ఇక వాళ్ల మ్యాచ్‌లకి వెళ్లాలని నాకు అక్కడే నిర్ణయమైపోయింది.

బంతులు ఏరుతున్న అకాడమీ పిల్లల్లో ఒకడు నిజామాబాద్ వాడు. "సౌమ్యక్కది మా జిల్లానే" అని గర్వంగా చెప్పాడు. గుగులోత్ సౌమ్య గురించి. ఇండియాకి ఆడే అమ్మాయి పేరు పదేళ్ల పిల్లాడి నోట అలా వస్తుంటే ఎంత ముచ్చటేసిందో!

వాళ్ల మ్యాచ్‌ల తేదీలు రాగానే పంపిస్తా. నువ్వు హైదరాబాద్ వచ్చే టికెట్ ఆ తేదీలు చూసుకుని బుక్ చేసుకో. చింటూని కూడా తీసుకురా, వాడికి బంతంటే ప్రాణం కదా. గోల్‌కీపర్ వెనకవైపు కూర్చుందాం, డిఫెన్స్ లైన్ ఎలా కదులుతుందో నీకు నేను చూపిస్తా. ఈసారి రానని మాత్రం అనకు.

నీ
మూర్తి