డిశ్చార్జి చీటీ దగ్గరే ఆగిపోతున్న వైద్యం

సంపాదకులకు,

అత్యవసర విభాగాల్లో రద్దీ గురించీ, చాలని పడకల గురించీ పత్రికల్లో తరచూ చర్చ జరుగుతోంది. ప్రాణాపాయం తప్పి ఇంటికి వెళ్లిన రోగిని ఆ మర్నాటి నుంచి చూసుకునేది ఎవరన్న సంగతి మాత్రం ఆ చర్చలో పెద్దగా వినిపించదు. చాలా ఏళ్లుగా అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను కనుక, నా కళ్లకు కనిపించేది మీ పాఠకుల ముందుంచుతున్నాను.

మేమిచ్చే డిశ్చార్జి చీటీలో చివరి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘వారం రోజుల్లో మీ డాక్టరును సంప్రదించండి.’ తమ డాక్టరంటూ ఎవరూ లేకపోవడం వల్లనే చాలామంది మా దాకా వస్తారన్నది ఆ వాక్యం రాసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఒక రాత్రి ఊపిరందక వచ్చిన నడివయసు మనిషికి నెబులైజేషన్ (మందును పొగమంచులా మార్చి పీల్పించడం) ఇచ్చి, స్టెరాయిడ్ మాత్రలు రాసి, తెల్లవారుజామున పంపించాం. నెలన్నర తిరగకుండానే ఆయన అదే ఆయాసంతో మళ్లీ వచ్చారు. పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగితే, నాలుగు మడతలు పెట్టి దాచుకున్న మా చీటీనే జేబులోంచి తీసి ఇచ్చారు. మడతల దగ్గర మందుల పేర్లు చెరిగిపోయాయి గానీ ఆ చివరి వాక్యం చక్కగానే కనిపిస్తోంది. ‘ఏ డాక్టరో రాయలేదు కదా సిస్టర్’ అన్నారాయన. మొదటిసారి ఆ చీటీ చదివి వినిపించి పంపింది నేనే.

ఆస్తమా ఉధృతమైనప్పుడు నెబులైజేషన్‌తో కొద్ది గంటల్లోనే ఊపిరి ఆడుతుంది గానీ శ్వాసనాళాల్లోని వాపు అంత తొందరగా పోదు. దాన్ని అదుపులో ఉంచేది రోజూ పీల్చవలసిన ఇన్‌హేలరు; రోగి దాన్ని సరిగా పీలుస్తున్నాడో లేదో చూసి, మోతాదు మార్చవలసి వస్తే మార్చే మనిషి ఒకరుండాలి. రక్తపోటు సంగతీ అంతే. నొప్పితో, భయంతో ఉన్నవారికి మేము చూసిన ఒక్క కొలతను బట్టి జబ్బు ఉందనీ, లేదనీ తేల్చలేం. వేరే రోజుల్లో మళ్లీ చూడాలి. రక్తపోటు ఉన్న పెద్దవారిలో సగానికి కాస్త తక్కువ మందికి ఆ విషయమే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అలాంటివారిలో కొందరు కాలు బెణికిందని మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ సంగతి మొదటిసారి బయటపడుతుంది, చీటీ మీద ఒక అంకెగా మిగిలిపోతుంది.

ఇంతకన్నా నన్ను భయపెట్టేవి, రోగి వెళ్లిపోయాక వచ్చే ఫలితాలు. రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. పక్కటెముక విరిగిందేమోనని తీసిన స్కానింగులో ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపిస్తే, కొన్ని నెలలాగి మళ్లీ తీయించాలని రేడియాలజిస్టు రాస్తారు. అప్పటికి రోగి ఇంట్లో ఉంటారు, పరీక్ష రాసిన డ్యూటీ డాక్టరు మరో షిఫ్టులో ఉంటారు, రిపోర్టు కంప్యూటర్లో ఉంటుంది.

ముందే అపాయింట్‌మెంటు తీసి ఇస్తే చాలదా అని అడగవచ్చు. ఆస్తమా రోగులపై అమెరికాలో జరిగి, 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మందులు ఉచితంగా ఇచ్చి, ప్రయాణానికి ఏర్పాటు చేసి, కొందరికి అపాయింట్‌మెంటు కూడా ముందే తీసి పెట్టారు. అలా తీసి పెట్టినవారిలో డాక్టరు దగ్గరికి వెళ్లినవారు పెరిగారు. అయినా ఏడాదిలో మళ్లీ అత్యవసర విభాగానికి రావడం మాత్రం తగ్గలేదు. దీన్ని చూపించి ఇదంతా వృథా ప్రయాస అనేవారున్నారు. నాకు అలా అనిపించదు. ఒక్కసారి వెళ్లి రావడం వేరు, మన జబ్బు చరిత్ర తెలిసిన డాక్టరు దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్లడం వేరు. ఒకే డాక్టరు దగ్గర వైద్యం కొనసాగడంపై 22 అధ్యయనాలను 2018లో పరిశీలించగా, 18 అధ్యయనాల్లో అలాంటివారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. కారణం అదేనని ఆ అధ్యయనాలు రుజువు చేయలేవన్నది నిజమే గానీ, తోసిపుచ్చదగిన సంగతి కూడా కాదు.

అందువల్ల ఆ చివరి వాక్యం స్థానంలో డాక్టరు పేరు, చోటు, రోజు, వేళ రాసి ఇవ్వాలని నా మనవి. చేసిన వైద్యం, ఇచ్చిన మందులు, ఇంకా రావలసిన రిపోర్టులు వివరించే సారాంశం రోగి కంటే ముందే ఆ డాక్టరుకు చేరాలి. రోగి వెళ్లారో లేదో రెండు మూడు రోజుల్లో ఫోన్ చేసి కనుక్కునే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి. అందరి పనీ అనుకుంటే అది ఎవరి పనీ కాకుండా పోతుందని అనుభవం మీద చెబుతున్నాను. సిబ్బందికి ఇది అదనపు భారమే, కాదనను.

అయితే మేమొక్కరమే తలుచుకుంటే ఇది జరిగేది కాదు. ప్రాథమిక వైద్య కేంద్రాలు మా రోగుల కోసం రోజూ కొన్ని వేళలు ఖాళీగా ఉంచాలి, ఆ ఖాళీలు మాకు అర్ధరాత్రి కూడా కనిపించాలి. మా దగ్గర రోగిని ఇంటికి పంపేది చాలాసార్లు రాత్రి రెండు గంటలకు. ఆ వేళకు ఏ కేంద్రానికి ఫోన్ చేసినా ఎత్తేవారుండరు.

ఇట్లు,
అత్యవసర విభాగ నర్సు