నల్లరాతి తీరం నుంచి నాన్నగారికి

సుయాక్, మారిషస్

నాన్నగారికి,

నమస్కారాలు. మేమందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది. ఫోనులో రోజూ మాట్లాడుకుంటున్నా, ఈ తీరం గురించి మీకు తీరిగ్గా రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఉద్యోగమంతా కోరంగి మడ అడవుల్లో గడిపిన మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను?

మారిషస్ అనగానే మనవాళ్లకు తెల్లటి ఇసుక, కదలని నీలి నీళ్లు గుర్తొస్తాయి. అదీ నిజమే. దీవిని దాదాపు చుట్టేసి పగడపు దిబ్బలున్నాయి. పెద్ద అలలన్నీ వాటికి తగిలి విరిగిపోతాయి, లోపలి నీళ్లలో పిల్లలు కూడా ఆడుకోవచ్చు. కానీ మేముండే దక్షిణ తీరంలో, గ్రీ గ్రీ అనే చోట, ఆ దిబ్బ తెగిపోయింది. సముద్రానికీ కొండరాతికీ మధ్య అడ్డేమీ లేదు. ఇక్కడి నుంచి సూటిగా దక్షిణానికి వెళ్తే 5 వేల కిలోమీటర్లకు పైగా నీళ్లే, ఆ తర్వాత అంటార్కిటికా మంచు. అంత దూరం ఎదురులేకుండా వచ్చిన అలకు మొట్టమొదట తగిలేది ఈ నల్లరాయే. స్నానాలు నిషేధమని ఒడ్డున బోర్డులు పెట్టారు. అవి లేకపోయినా ఆ హోరు విన్నవాళ్లెవరూ నీళ్లలోకి దిగరు.

మీకు వింతగా అనిపించే విషయం ఒకటుంది. మన దగ్గర పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని చూసుకునే కదా పడవ తీస్తారు. ఇక్కడ ఆ రెండింటికీ తేడా మోకాలెత్తు కూడా ఉండదు. చూసుకోవలసింది అలనే. ఆకాశం తేటగా ఉండి, ఆకు కదలని రోజున కూడా ఒక్కోసారి పెద్ద పెద్ద అలలు వచ్చి పడతాయి. వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ సముద్రంలో ఎప్పుడో లేచిన తుఫాను పంపినవట అవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఇక్కడి చలికాలంలో, ఇవి మరీ ఎక్కువ. తుఫాను ముఖం చూడకుండానే దాని దెబ్బ చూడటం నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

గ్రీ గ్రీ నుంచి తూర్పుగా కొండ అంచు వెంట కాలిబాట ఉంది. మొదట సరుగుడు చెట్లు, మన ఒడ్డున ఉన్నవే. అవి దాటాక గాలికి నేలబారుగా వంగిపోయిన పొదలు, ఆ తర్వాత ఉత్త రాయి. బాట చివర సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండ పేరు లా రోష్ కి ప్లేర్, అంటే ఏడ్చే రాయి. అల దాని మీదుగా దూకి వెనక్కి తగ్గాక, బండ ముఖం మీది పగుళ్లన్నిటి నుంచీ నీళ్లు చాలాసేపు ధారలుగా కారుతూనే ఉంటాయి. ఆ ధార ఆగకముందే ఇంకో అల వస్తుంది. పక్క గట్టు మీద కూర్చుని నేను గంటల తరబడి చూస్తుంటాను.

ఆ రాయిని దగ్గరగా చూడాలి నాన్నా. దూరం నుంచి నునుపుగా కనిపిస్తుంది గానీ, చెయ్యి వేస్తే గీసుకుపోతుంది. ఒళ్లంతా చిల్లులే. లావా చల్లబడేటప్పుడు అందులోని వాయువు బుడగలు బుడగలుగానే మిగిలిపోయి, రాయి వాటి చుట్టూ గట్టిపడింది. అరచేయంత గుంటలో కాసిని నీళ్లు నిలిచి, ఎండకు అంచున ఉప్పు తెల్లగా పేరుకుంది. చిన్న నత్తలు నీడ ఉన్న వైపే వరసగా అతుక్కుని ఉన్నాయి. తుంపర పడగానే ఎక్కడి నుంచో ఒక నల్లపీత వచ్చి, గుంట అంచున నిలబడి, రెండు డెక్కలతో రాయిని గీరి గీరి నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. మరో అల చప్పుడు వినిపించేసరికి మాయమైంది. రాతిని అంత గట్టిగా పట్టుకుని బతికే ప్రాణిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ రాతి పుట్టుక గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం, భారతదేశం ఇంకా దక్షిణాన ఉండి మెల్లగా ఉత్తరానికి జరుగుతున్న కాలంలో, భూమి లోపలి ఒక వేడి చోటు నుంచి లావా పొంగి దక్కన్ అంతా పరుచుకుంది. అందులో కొంత రాజమండ్రి దాకా వచ్చింది. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి అదే! దేశం ఉత్తరానికి జరిగిపోయింది. అడుగున ఉన్న ఆ వేడి మాత్రం ఇక్కడే ఉండి, దారిలో మాల్దీవుల వరుసకు పునాది వేసి, సుమారు 80 లక్షల ఏళ్ల క్రితం ఈ మారిషస్‌ను సముద్రంలోంచి పైకి లేపింది. ఇప్పుడది ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి పిటోన్ ద లా ఫుర్నేజ్ అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతూనే ఉంది. మన ఇంటి స్లాబుకు గౌరీపట్నం కంకరే కావాలని మీరు మేస్త్రీతో పట్టుబట్టారు, గుర్తుందా? ఆ కంకరా, ఈ కొండ అంచూ ఒకే పొయ్యిలో కాలినవి.

మమ్మల్ని ఈ తీరమంతా తిప్పుతున్నది పక్కింటి తాత. ఆయన ముత్తాత మన కోరంగి రేవులో ఓడ ఎక్కి ఇక్కడికి చెరకు తోటల పనికి వచ్చాడు. ఇక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనే పిలిచేవారు. తాతకు మాట్లాడటానికి వచ్చేది ఇక్కడి వాడుక భాష క్రియోల్. తెలుగు మాత్రం పాటల్లో ఉంది. దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన చేసేటప్పుడు ఆయన గొంతులో ఒక్క అక్షరం కూడా తడబడదు. అలను చూడటం నేర్పింది ఆయనే. “ముందు రాతి మీద తడి ఎక్కడిదాకా ఉందో చూడు. నీ పాదం దానికి పైనే ఉండాలి. తడి గీత పైకి జరిగిందంటే ఆ రోజు ఇంటికి వెళ్లిపోవాలి” అంటాడు. ఆ మాట వినగానే, చిత్తడిలో అడుగు వేసే ముందు ఏ వేరును నమ్మాలో మీరు నాకు చూపించిన రోజులు గుర్తొచ్చాయి.

ఆయనతోనే లె సూఫ్లేర్ చూడటానికి వెళ్లాం. కొండ అంచు కింద సముద్రం గుహ తొలిచింది, గుహ కప్పుకు పైన చిల్లు ఉంది. అల లోపలికి దూరినప్పుడు గాలి నొక్కుకుపోయి, నీళ్లు ఆ చిల్లులోంచి ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆయన చిన్నతనంలో ఆ ధార ఇంకా చాలా ఎత్తు లేచేదట. ఏళ్ల తరబడి కోత పడి చిల్లు వెడల్పయ్యేసరికి జోరు తగ్గింది. దగ్గరలోనే పోన్ నాత్యురెల్ ఉంది. గుహ కప్పు కూలిపోగా మిగిలిన రాతి వంతెన అది. దాని మీద నడిచేవాళ్లను చూశాను. నేను నడవలేదు, పిల్లలను నడవనివ్వలేదు.

కానీ ఆ రోజు నా మనసులో నిలిచిపోయింది వంతెన కాదు, అక్కడికి వెళ్లే దారి. సముద్రం దాకా చెరకు తోటలే. ఆ తోటల నడుమ అక్కడక్కడా ఇంటి ఎత్తున నల్లరాళ్ల గుట్టలు, ఒద్దికగా, మెట్లు మెట్లుగా పేర్చినవి. మొదట ఏదో పాత కట్టడం అనుకున్నాం. తాత కారు ఆపించి చెప్పాడు. ఈ నేలంతా ఒకప్పుడు లావా రాళ్లే. చెరకు నాటాలంటే వాటిని ఏరాలి. మొదట బానిసలు ఏరారు. 1835లో బానిసత్వం రద్దయ్యాక ఒప్పంద కూలీలు ఏరారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఈ దీవిలో దిగారు. వాళ్లు కాలుపెట్టిన పోర్ట్ లూయీ రేవు మెట్లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చడం న్యాయమే. కానీ నన్నడిగితే, ఈ రాళ్ల గుట్టల ముందు కూడా జనం ఆగి నిలబడాలి. ప్రతి రాయినీ ఒక మనిషి వంగి, ఎత్తి, మోసి, ఇంకో రాయి మీద పెట్టాడు. కోరంగి ఒండ్రులో, కాలికి రాయి తగలని నేలలో పెరిగినవాడు, ఇక్కడికి వచ్చి బతుకంతా రాళ్లు మోశాడు. తాత ఒక రాయి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి నాన్నా, ఆపుకోలేదు.

మీరు తప్పక అడిగే ప్రశ్నకు కూడా జవాబు రాస్తున్నాను. మడ చెట్లు ఇక్కడా ఉన్నాయి, అల తగలని ఉప్పునీటి పాయల్లో. ఎక్కువగా ఉన్నది మన ఉప్పుపొన్నే, అవే ఊడలు, చెట్టునే మొలకెత్తి పొడుగ్గా వేలాడే అవే కాయలు. తగ్గిపోయిన చోట్ల మళ్లీ నాటుతున్నారు. నాటిన మొక్కల్లో ఎన్ని నిలదొక్కుకుంటాయో, వాటి మధ్య ఎంత ఎడం ఉంచాలో మీరు వచ్చి చూసి చెప్పాలి.

పాస్‌పోర్టు వచ్చింది కదా, ఇక వాయిదా వెయ్యకండి. నవంబరు మొదట్లో బయలుదేరండి. అప్పటికి చలిగాలి నెమ్మదిస్తుంది, తుఫానుల జోరు ఇంకా మొదలవదు. చెప్పులతో ఈ రాతి మీద నడవలేరు, అడుగు గట్టిగా పట్టే బూట్లు తమ్ముడితో కొనిపించుకోండి. అమ్మ కొండ అంచు దాకా నడవనక్కరలేదు, గ్రీ గ్రీలో కారు దిగిన చోటి నుంచే అంతా కనిపిస్తుంది.

ఇంకో పని ఉంది. ముత్తాత ఓడ ఎక్కిన పాత కోరంగి రేవు ఎలా ఉంటుందని తాత నన్ను అడుగుతూనే ఉన్నాడు. 1839 తుఫాను కోరంగిని ముంచేసిన సంగతి, తర్వాత రేవు పూడిపోయిన సంగతి చెప్పాను. అయినా చూడాలంటాడు. మీరు ఒకసారి తాళ్లరేవు నుంచి కోరంగి దాకా వెళ్లి, ఏటి ఒడ్డున పూర్వం ఓడలు ఆగేవని పెద్దలు చెప్పే చోట నిలబడి, నీళ్ల వైపు ఒకటి, ఊరి వైపు ఒకటి ఫోటోలు తీసి పంపండి. పెద్దగా అచ్చు వేయించి ఆయనకు ఇస్తాను.

అమ్మకు, తమ్ముడికి, మరదలికి నా ప్రేమ.

మీ
అమ్మాయి