స్ట్రోక్ వచ్చిన రోజే మెదడు వాపు సంగతి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నాలుగున్నర గంటల్లోపు ఆసుపత్రికి చేర్చమని ఏటా అక్టోబర్ 29న, ప్రపంచ స్ట్రోక్ దినం నాడు, అందరూ చెబుతున్నారు. చాలా మంచి పని. ఆ సమయం దాటిపోయాక వచ్చినవాళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. మా అన్నయ్య అలాంటివాడే.

వయసు 47. నిద్ర లేచేసరికి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. దగ్గర్లోని ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి, మెదడు కుడివైపు పెద్ద రక్తనాళం మూసుకుపోయిందని, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సమయం దాటిందని, మందులు పెట్టి చూద్దామని అన్నారు. ఆ రోజంతా అన్నయ్య మాతో మాట్లాడాడు. జీడిపిక్కల బస్తాలు ఎన్ని దిగాయని కూడా అడిగాడు. మర్నాడు సాయంత్రం నుంచి మగతగా పడుకున్నాడు. అలసిపోయాడు, పడుకోనీ అనుకున్నాం. ఆ మగతే ప్రమాదమని మాకు చెప్పినవాళ్లు లేరు. అర్ధరాత్రికి పిలిస్తే పలకలేదు. అప్పుడన్నారు, "మెదడు వాచింది, ఇక్కడ న్యూరోసర్జన్ లేరు, విశాఖ తీసుకెళ్లండి" అని.

దెబ్బతిన్న మెదడు భాగం సాధారణంగా రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య బాగా వాస్తుందట. పుర్రె లోపల వాపుకు చోటు లేక, అది బాగున్న మెదడును కూడా నొక్కేస్తుంది. అందుకని ఆ వైపు కనీసం 12 సెంటీమీటర్ల మేర ఎముక తీసి, కింది పొరను తెరుస్తారు. ఆ ఎముకను ఫ్రీజర్‌లోనో, రోగి పొట్ట చర్మం కిందో భద్రపరిచి, కొన్ని నెలల తర్వాత మళ్లీ అమరుస్తారు. ఇదంతా విశాఖలో డాక్టరు గారు వరండాలో నిలబడి మా వదినకు చెప్పారు. సంతకానికి అరగంట టైమిచ్చారు. వెంట వచ్చిన చుట్టాలు "తల తెరిస్తే మనిషి మిగలడు, ఇంటికి తీసుకుపోదాం" అన్నారు. "మళ్లీ మాట్లాడతాడా?" అని వదిన ఒక్కటే అడిగి సంతకం పెట్టింది.

చుట్టాల భయం నిజం కాదు. యూరప్‌లో జరిగిన మూడు అధ్యయనాలను 2007లో కలిపి చూశారు. 60 ఏళ్లలోపువారికి 48 గంటల్లోపు ఈ ఆపరేషన్ చేస్తే ఏడాది తర్వాత నూటికి 78 మంది బతికి ఉన్నారు, చేయనివారిలో 29 మందే. 60 దాటినవాళ్లలోనూ ఆరు నెలల నాటికి మరణాలు సగానికి పైగా తగ్గాయని 2014లో జర్మనీ అధ్యయనం చూపింది. కానీ ఇది ప్రాణం కాపాడే ఆపరేషన్. పడిపోయిన చెయ్యిని తిరిగి తెచ్చేది కాదు. బతికినవాళ్లలో చాలామందికి, ముఖ్యంగా పెద్దవయసువారికి, రోజువారీ పనులకు ఇంకొకరి సాయం కావాలి. వద్దనుకునే హక్కు కూడా కుటుంబానికి ఉంది. అంత బరువైన నిర్ణయానికి మాకు రెండు రోజులు దొరకాల్సింది, అరగంట దొరికింది.

అన్నయ్య బతికాడు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తాడు. ఎడమ చెయ్యి రాలేదు. ఎముక అమర్చేదాకా నాలుగు నెలలు, అన్నయ్య ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోకుండా వదిన కాపలా కాసింది.

వైద్యశాఖ అధికారులకు నా విన్నపం: పెద్ద స్ట్రోక్ అని స్కాన్‌లో తేలిన రోజే ఈ వాపు గురించి, ఈ ఆపరేషన్ గురించి, దాని మంచిచెడులతో సహా ఇంటివాళ్లకు తెలుగులో చెప్పాలని ఆసుపత్రులన్నింటికీ ఆదేశమివ్వండి. మగత వచ్చేదాకా ఆగకుండా, న్యూరోసర్జన్ ఉన్నచోటికి ముందే పంపించండి. ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ మండల స్థాయిలోనే దొరికేలా చూడండి.

- ఒక పాఠకురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా