కాకతీయుల నాటి గుళ్లకు రంగులు వద్దు

కాకతీయుల కాలం నాటి ఊరి గుళ్లకు జాతరలప్పుడు సున్నం, ఆయిల్ పెయింట్ పూయడం వెంటనే ఆపాలి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయాన్ని కాకతీయుల సామంతుడు రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించింది, అంటే 1213 నాటి రామప్ప గుడి కంటే ముందే, అక్కడి నున్నటి నల్లరాతి స్తంభాల మీద చెక్కిన సన్నటి పూసల వరుసలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. మా పక్క ఊళ్లో అలాంటి పాత గుడిలోనేమో ద్వారబంధం మీది బొమ్మల ముఖాలు పెయింట్ పొరల కింద పూడిపోయాయి, శాసనం అక్షరాల్లో సున్నం గడ్డకట్టి ఒక్క ముక్క కూడా చదవలేకపోతున్నాం, పైగా ట్యూబ్‌లైట్ కోసం స్తంభానికి డ్రిల్లు కొట్టారు. ఊరివాళ్లు భక్తితోనే చేస్తున్నారు, వాళ్లను తిట్టి లాభం లేదు. పురావస్తు శాఖ జిల్లాకో నిపుణుణ్ని పెట్టి, రంగు డబ్బా తెరవక ముందే ఆయన అనుమతి తప్పనిసరి చేయాలి, ఇప్పటికే ఉన్న పూతల్ని ఇసుకను జోరుగా చిమ్మే బ్లాస్టింగ్‌తో కాకుండా రాయికి దెబ్బ తగలని పద్ధతిలో తీయించాలి.