మా వీధి పళ్ల డాక్టరమ్మకు, ప్లేట్‌లెట్లు ఇచ్చిన పిల్లలకు

నమస్కారమండీ. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. రెండు నెలలుగా రాయాలనుకుంటున్నా, ఆసుపత్రి తిరుగుళ్లతో కుదరలేదు.

మా తమ్ముడికి 22 ఏళ్లు. ఒక రాత్రి సంగటి తింటుంటే కింది పెదవి నుంచి రక్తం కారుతోంది. కొరుక్కున్నట్టు వాడికి తెలియనే లేదు. అడిగితే, "వారంగా గడ్డం కుడి పక్క మొద్దుబారిందక్కా, పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తారే, అట్లుంది" అన్నాడు. మూతి వంకరపోలేదు, మాట బాగానే ఉంది. ఒకచోట చూపిస్తే జ్ఞానదంతం వల్లే, పీకేద్దాం అన్నారు. డబ్బు కూడా సర్దుకున్నాం.

ఎందుకో మనసొప్పక మా వీధి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఎక్స్‌రే చూసి, దూదితో ఒకసారి, సూదిమొనతో ఒకసారి గడ్డం తాకి చూశారు. "పంటిలో ఏమీ లేదమ్మా. కారణం లేకుండా ఇక్కడ స్పర్శ పోతే వదిలేయకూడదు. నేను పన్ను ముట్టను, ఈరోజే రక్తపరీక్ష చేయించు" అన్నారు. చిగుళ్లు పాలిపోయిన సంగతి కూడా ఆమే గమనించారు. స్విమ్స్ ఆసుపత్రికి చీటీ రాసిచ్చి, ఫీజు వద్దన్నారు.

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు 18 వేలే! పన్ను పీకించి ఉంటే రక్తం ఆగడం కష్టమయ్యేదని తర్వాత తెలిసి ఒళ్లు జలదరించింది. ఎముక మజ్జ పరీక్షలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. కింది దవడ ఎముకలోంచి గడ్డానికి, పెదవికి వచ్చే సన్నని నరం ఒకటుందట. క్యాన్సర్ కణాలు దాన్ని ఒత్తినా, మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో చేరినా ఇలా మొద్దుబారుతుందట. నంబ్ చిన్ సిండ్రోమ్ అంటారు. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో, రొమ్ము క్యాన్సర్‌లో కూడా వస్తుందట. అందుకే వెన్నులోంచి నీరు తీసి చూశారు, కీమో మందు వెన్నులోకి కూడా ఇస్తున్నారు.

ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. ప్రతిసారీ కొత్తగా మనిషిని వెతుక్కోవాలి, ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుసు. యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒకబ్బాయి మర్నాడు పరీక్ష పెట్టుకుని వచ్చి, మెషీన్ పక్కన గంటకు పైగా చెయ్యి చాచి పడుకున్నాడు. టిఫిన్ తినిపోమ్మా అన్నా ఆగలేదు. నాయనా, నీ పేరు కూడా అడగలేదు నేను. క్షమించు.

చికిత్స ఇంకా చాలా ఉంది. నిన్న రాత్రి మాత్రం మా తమ్ముడు అద్దం ముందు నిలబడి గడ్డం గోటితో గీరుకుని, "కొంచెం తెలుస్తోందక్కా" అన్నాడు. డాక్టరమ్మా, ఈ మాట ముందు మీకే చెప్పాలని పొద్దున్నే వచ్చాను. క్లినిక్ ఇంకా తెరవలేదు. సాయంత్రం మళ్లీ వస్తాను.